ఆర్నెల్లు అక్కడ, ఆర్నెల్లు ఇక్కడ

ప్రశ్న: మేము లెస్టర్‌లో 31 ఏళ్లుగా ఉంటున్నాం. మావారికి 70, నాకు 66. ఇద్దరం బ్రిటిష్ పౌరులమే, ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే) కార్డులున్నాయి. సొంతూరు భీమవరం. 2012లో అక్కడ ఇల్లు కట్టుకున్నాం. ఏటా సంక్రాంతికి వెళ్లి నెల రోజులుండి వస్తాం. ఇప్పుడు మావారు ఇక్కడి ఇల్లు అమ్మేసి శాశ్వతంగా వెళ్లిపోదామంటున్నారు. చలికి ఆయన మోకాళ్లు పట్టేస్తున్నాయి, నవంబరు వస్తే గడప దాటరు. నాకేమో మనవరాళ్లను వదిలి ఉండబుద్ధి కాదు. చిన్నదానికి నాలుగేళ్లు, రోజూ బడి నుంచి నేనే తీసుకొస్తాను. ఆర్నెల్లు అక్కడ, ఆర్నెల్లు ఇక్కడ ఉంటే ఇద్దరికీ సరిపోతుందా? పెన్షను ఆగిపోతుందని ఒకరు, ఎన్‌హెచ్‌ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ ఉచిత వైద్యం) పోతుందని ఇంకొకరు భయపెడుతున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.
— ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే 2015లో మా ఇంట్లో నడిచిన మాటలే మళ్లీ విన్నట్టయింది. మావారు రిటైరయిన ఏడాది అది. ఆయన తెనాలి అన్నారు, నేను పిల్లలు అన్నాను. చివరికి మీరు అడుగుతున్నట్టే ఏడాదిని పంచుకున్నాం. అక్టోబరులో వెళ్లడం, మార్చి ఆఖరుకి బర్మింగ్‌హామ్ తిరిగి రావడం. నెలలు లెక్కపెట్టుకున్నాం, టికెట్లు కొనుక్కున్నాం. జబ్బు చేస్తే ఎక్కడ అన్న ప్రశ్న మాత్రం వేసుకోలేదు. మీరు నెలల లెక్కలోకి దిగేముందు దీన్ని తేల్చుకోండి.

2017లో సంక్రాంతి వెళ్లిన పది రోజులకి, ఒక సోమవారం తెల్లవారి ఆరింటికి, మావారికి కుడి చెయ్యి పడిపోయింది. మాట ముద్దగా వచ్చింది. మా మరిది కొడుకు కారులో పడుకోబెట్టి గుంటూరు తీసుకెళ్లాడు. డాక్టరు గారు మొదట అడిగింది, ఏం మందులు వాడుతున్నారని. గుండె లయ తప్పుతోందని ఆయన వార్ఫరిన్ వేసుకునేవారు. రక్తం గడ్డకట్టకుండా చూసే మందు అది. మోతాదు ఎంతో చెప్పాలి. నేను మాత్రలన్నీ వారం రోజుల గళ్ల డబ్బాలో సర్దేసి, అట్టపెట్టెలు బర్మింగ్‌హామ్‌లోనే పారేసి వచ్చాను. ‘నీలం మాత్ర ఒకటి, గోధుమరంగుది ఒకటి’ అన్నాను. బ్రిటన్‌లో ఏ నర్సుకి చెప్పినా నీలం అంటే 3 మిల్లీగ్రాములు, గోధుమరంగు అంటే 1 అని వెంటనే అర్థమవుతుంది. గుంటూరులో ఆ రంగుల లెక్క లేదు. మా అబ్బాయికి ఫోన్ చేస్తే అక్కడ రాత్రి రెండు. సర్జరీ (మా డాక్టరు గారి క్లినిక్‌ను అక్కడ అలాగే అంటారు) తలుపులు తీసేది ఉదయం ఎనిమిదికి, అంటే మనకి మధ్యాహ్నం ఒకటిన్నర. ఆ సర్జరీలో నేను 22 ఏళ్లు రిసెప్షనిస్టుగా పనిచేశాను. ఆయన ఫైలు ఏ అలమరాలో ఉంటుందో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఆ ఫైలులోని రెండు అంకెల కోసం ఆస్పత్రి వరండాలో ఆరు గంటలు కూర్చున్నాను. ఈలోగా వాళ్లు రక్తపరీక్షలు, స్కాను చేసి తమకు తెలిసినంతలో వైద్యం చేస్తూనే ఉన్నారు.

మేము తీసుకున్న ప్రయాణ బీమా 90 రోజులది. అది అయిదు రోజుల ముందే ముగిసింది. తొమ్మిది లక్షల చిల్లర చేతి నుంచి కట్టాం. ఆయన కోలుకున్నారు, కర్ర పట్టుకుని నడిచారు. ఏప్రిల్ ఆఖరుకి వీల్‌చెయిర్‌లో విమానం ఎక్కించి తీసుకొచ్చాను. 2019లో బర్మింగ్‌హామ్‌లోనే పోయారు. అస్థికలు సీతానగరం దగ్గర కృష్ణలో కలిపాం. ఆ తర్వాత కూడా నేను ఏటా తెనాలి వెళ్తూనే ఉన్నాను, ఈ నవంబరుకీ టికెట్ కొన్నాను. వెళ్లొద్దని మీకు నేనెందుకు చెబుతాను?

ఇక మిమ్మల్ని భయపెడుతున్న మాటల సంగతి. పెన్షను ఆగదు. ఇండియాలో స్థిరపడినా బ్రిటన్ స్టేట్ పెన్షను వస్తూనే ఉంటుంది. ఆగిపోయేది ఏటా ఏప్రిల్‌లో కలిపే పెంపు. అమెరికాలో స్థిరపడితే పెంపు ఇస్తారు. ఇండియా, కెనడా, ఆస్ట్రేలియాల్లో స్థిరపడితే ఇవ్వరు. 2016 ఏప్రిల్‌లో కొత్త స్టేట్ పెన్షను పూర్తి మొత్తం వారానికి 155.65 పౌండ్లు. అప్పుడు అది అందుకోవడం మొదలుపెట్టి ఇండియాలో స్థిరపడినాయనకు ఈనాటికీ 155.65 పౌండ్లే. బ్రిటన్‌లోనే ఉన్నాయనకు 2025–26లో 230.25. వారానికి 75 పౌండ్ల దాకా తేడా, అది ఏటేటా పెరుగుతుంది. ఒకే ఫ్యాక్టరీలో పనిచేసి, ఒకే లెక్కన నేషనల్ ఇన్సూరెన్స్ కట్టిన ఇద్దరి మధ్య ఇంత తేడా పెట్టడం నాకు ఎప్పటికీ అన్యాయంగానే కనిపిస్తుంది. దీని మీద పెన్షనర్లు యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లారు, 2010లో ఓడిపోయారు. మావారు ఆ వార్త కత్తిరించి దాచుకున్నారు. ఇప్పటికీ ఆయన ఫైల్లో ఉంది.

అసలు నివాసం బ్రిటన్‌లోనే ఉంచుకుని చలికాలం వెళ్లి వచ్చేవాళ్లకు ఈ దెబ్బ తగలదు. ఎన్‌హెచ్‌ఎస్ కూడా అంతే. అది పాస్‌పోర్టును చూసి ఇచ్చేది కాదమ్మా, ముప్ఫై ఏళ్లు పన్ను కట్టారని ఇచ్చేదీ కాదు. మీరు మామూలుగా నివసించే చోటు బ్రిటన్ అయితే ఆస్పత్రి వైద్యం ఉచితం. ఇల్లు అమ్మేసి భీమవరంలో స్థిరపడి, ఆపరేషను కోసం మాత్రం లెస్టర్ వస్తే బిల్లు చేతికి రావచ్చు. అలా వచ్చి కౌంటరు ముందు నిలబడ్డ మనవాళ్లను నేను చూశాను. వాళ్ల ముఖాలు చూసి ఫారం ముందుకి జరపడం నా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని. అందుకని దాచవద్దు, అబద్ధం చెప్పవద్దు. ఎక్కడ ఉంటున్నారో పెన్షను ఆఫీసుకీ, సర్జరీకీ ఉన్నదున్నట్టు చెప్పండి.

సర్జరీలో ఇంకో నిబంధన ఉంది. మూడు నెలలకు మించి దేశం బయట ఉంటే పేరు జాబితాలోంచి తీసేయవచ్చు. తిరిగొచ్చాక మళ్లీ ఫారం నింపితే చేర్చుకుంటారు, కంగారు పడనక్కరలేదు. కానీ మందులు మూడు నెలలకు మించి సాధారణంగా ఇవ్వరు. మీరు అయిదు నెలలుంటే మిగతా రెండు నెలల మందులు భీమవరంలో కొనాలి. వెళ్లిన మొదటి వారంలోనే, ఒంట్లో బాగున్నప్పుడే, ఒక ఫిజీషియన్ దగ్గరకు వెళ్లి పరిచయం చేసుకోండి. బ్రిటన్‌లో చీటీ మీద మందు అసలు పేరు రాస్తారు, మన దగ్గర కంపెనీ పెట్టిన పేరుతో అడుగుతారు. అసలు పేరు, మోతాదు, ఎందుకు వాడుతున్నారు, ఏ మందు పడదు, చివరిసారి చేసిన పరీక్షల అంకెలు, ఇవన్నీ ఒకే కాగితం మీద సర్జరీలో ప్రింటు తీయించుకోండి. నా కాగితం ఒకటి హ్యాండ్‌బ్యాగులో, ఒకటి తెనాలిలో ఫ్రిజ్ తలుపు మీద, ఒకటి మా మరిది కొడుకు ఫోనులో ఉంటాయి.

ఆర్నెల్లు కాకుండా అయిదు నెలలు అని ఎందుకన్నానంటే, ఇండియాలో పన్ను లెక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా నడుస్తుంది. మనలా చూసిపోవడానికి వచ్చేవాళ్లు ఆ ఏడాదిలో 182 రోజులు ఉంటే అక్కడి నివాసి కిందికి వస్తారు. అక్కడి ఆదాయం 15 లక్షలు దాటినవాళ్లకు 120 రోజుల దగ్గరే లెక్క మొదలవుతుంది. నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా 151 రోజులు. ఏ పెళ్లికో, చావుకో ఇంకో రెండు వారాలు ఉండాల్సి వచ్చినా ఇబ్బంది ఉండదు. ఇంకో మాట. ఎన్‌ఆర్‌ఈ (బయట సంపాదనతో ఇండియా బ్యాంకులో వేసే) డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి బ్రిటన్‌లో చెప్పక్కర్లేదని మనలో చాలామంది అనుకుంటారు. బ్రిటన్ నివాసిగా ఉన్నంతకాలం ఆ వడ్డీ, భీమవరం ఇంటి అద్దె ఉంటే అదీ, ఇక్కడి లెక్కలో చేరతాయి. రెండు దేశాలూ ఖాతాల వివరాలు ఒకదానికొకటి పంపుకుంటాయి. రెండు వైపుల చట్టమూ తెలిసిన అకౌంటెంటుకి ఒకసారి డబ్బిచ్చి కూర్చోండి.

బీమా రెండు చోట్లా చూసుకోవాలి. ప్రయాణ బీమా ఎన్ని రోజులదో కాగితం మీద వేలు పెట్టి చదవండి, ఉన్న జబ్బులన్నీ చెప్పండి. ఇండియాలో ఆరోగ్య బీమాకి ఒకప్పుడు 65 ఏళ్లు దాటితే తలుపు మూసేవారు. 2024 ఏప్రిల్ నుంచి ఆ వయసు అడ్డు తీసేశారు. పాత జబ్బులకు బీమా వర్తించడానికి ఆగాల్సిన కాలం కూడా మూడేళ్లకు మించకూడదన్నారు. ప్రీమియం ఎక్కువే ఉంటుంది. మీవారు నిజంగా ఎప్పటికైనా అక్కడే ఉండాలనుకుంటే ఆ మూడేళ్లు ఇప్పుడే మొదలవడం మంచిది. లెస్టర్ ఇంటి బీమా కూడా చూడండి. ఇల్లు వరసగా 30 రోజులో 60 రోజులో ఖాళీగా ఉంటే చాలా పాలసీలు పనిచేయవు. నీళ్ల మెయిన్ వాల్వు కట్టేసి, వారానికోసారి అబ్బాయి వచ్చి చూసేలా ఏర్పాటు చేసుకోండి. మా పక్కింటివాళ్లకు జనవరిలో పైపు పగిలి, వాళ్లు తిరిగొచ్చేసరికి మెట్ల మీది తివాచీ నాచు పట్టి ఉంది.

ఇల్లు అమ్మడం గురించి నా మాట గట్టిగానే చెబుతాను. కనీసం రెండు చలికాలాలు గడిచేదాకా అమ్మవద్దు. మీకు తెలిసిన భీమవరం సంక్రాంతి భీమవరం. బంధువులంతా దిగుతారు, ఇల్లు కళకళలాడుతుంది, పొద్దున్నే ఎండ హాయిగా ఉంటుంది. ఫిబ్రవరిలో అందరూ వెళ్లిపోయాక మీరిద్దరే ఉండే మంగళవారం మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీవారికి తెలియాలి. శాశ్వతంగా అనే ముందు ఒక్క ఏడాదైనా మే నెల చివరి దాకా ఉండి చూడమనండి. రోహిణి కార్తె ఎండకి మోకాళ్ల నొప్పి ఉండకపోవచ్చు, కానీ అప్పుడూ ఆయన గడప దాటలేరు. అన్నీ చూశాక కూడా ఉంటానంటే, అది ఆయన మనసులోంచి వచ్చిన మాట, దాన్ని గౌరవించాలి. మావారికి తెనాలి కాలువ గట్టు మీద పొద్దున నడక ఎంత ప్రాణమో నాకు తెలుసు. బర్మింగ్‌హామ్‌లో ఆ రెండేళ్లూ ఆయన అడిగింది అదొక్కటే.

ఇద్దరిలో ఒకరికి మతి తప్పినా, మాట పడిపోయినా ఎవరు నిర్ణయించాలో ఇప్పుడే రాసిపెట్టండి. ఇంగ్లండ్‌లో లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ (నిర్ణయాధికారం అప్పగించే పత్రం) డబ్బుకి ఒకటి, ఆరోగ్యానికి ఒకటి ఉంటాయి. బుద్ధి బాగున్నప్పుడే రాయాలి. భీమవరం ఇంటికి అది పనికిరాదు. అక్కడివాళ్లకు విడిగా జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇవ్వాలి. ఇక్కడ కాన్సులేటులో సంతకం చేసి పంపితే, కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. మావారి చెయ్యి పడిపోయాక బ్యాంకులో ఆయన సంతకం కలవలేదు. ఆయన పేరు మీదున్న డబ్బు ఆయన మందులకే తీయలేకపోయాం.

మనవరాళ్ల సంగతి చివరికి వదిలేశాననుకోకండి. అబ్బాయికీ కోడలికీ వేసవిలోనే చెప్పండి. బడి అయ్యాక పిల్లలను చూసే క్లబ్బుల్లో చోటు ముందుగా రాయించుకోవాలి. చిన్నదానికి తేదీలు చెప్పండి, దాచి వెళ్లవద్దు. బడి వదిలే మూడుంబావు భీమవరంలో రాత్రి ఎనిమిదీ ముప్పావు. మా అబ్బాయి పిల్లాణ్ని బడి నుంచి నడిపించుకొస్తూ ఆ వేళకి నాకు ఫోన్ చేసేవాడు. రోడ్డు దాటేటప్పుడు నేనూ చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది. ఇప్పుడు వాడికి 14 ఏళ్లు. నా టికెట్ తేదీ చుట్టూ వంటింటి క్యాలెండరులో వాడే గుండ్రం చుడతాడు, వెళ్లే తేదీకీ, వచ్చే తేదీకీ.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు, లండన్‌లో ఉంటాను, ఓసీఐ కార్డుంది. నూజివీడు దగ్గర రెండెకరాల మామిడి తోట అమ్మకానికి వచ్చింది. ఏడాదిలో సగం అక్కడ గడపాలని నా కోరిక. బావమరిది పేరు మీద కొనమంటున్నారు. కొనవచ్చా?
— ఒక పాఠకుడు, లండన్

జవాబు: వద్దు బాబూ. బయట నివసించే ఓసీఐ కార్డుదారు వ్యవసాయ భూమి గానీ, తోట గానీ, ఫామ్‌హౌస్ గానీ కొనడానికి లేదు. ఇల్లు, ఫ్లాటు, అనుమతి ఉన్న లేఅవుట్‌లో ఇంటి స్థలం కొనవచ్చు. మీ డబ్బుతో బావమరిది పేరు మీద కొంటే అది బినామీ కిందికి వస్తుంది. ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నా అడగలేరు, రేపు బావమరిది పిల్లలు మాదేనన్నా అడగలేరు. వారసత్వంగా వచ్చిన పొలం అయితే ఉంచుకోవచ్చు. దుగ్గిరాల వైపు మా నాన్నగారి పసుపు పొలంలో 60 సెంట్లు నా వాటాకి వచ్చాయి. తహసీల్దారు ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని, పేరు మార్పించి, 1-బీ భూమి రికార్డులో చూసుకునేసరికి రెండు చలికాలాలు పట్టింది. మీ అమ్మానాన్నల పొలం ఏదైనా ఉంటే ముందు దాని కాగితాలు చూసుకోండి. తోట గాలే కావాలంటే నూజివీడులో అద్దె ఇల్లు తీసుకుని ఒక సీజను ఉండి చూడండి.

ప్రశ్న: మా బావగారూ అక్కయ్యా ఏటా నవంబరులో లండన్ నుంచి వచ్చి మా ఇంట్లో నాలుగు నెలలు ఉంటారు. ఇద్దరూ మంచివాళ్లు. అత్తగారికి 88 ఏళ్లు, ఏడాది పొడుగునా చూసుకునేది నేనే. వాళ్లు వచ్చాక వంట రెట్టింపు, వచ్చిపోయేవాళ్లు రెట్టింపు. పైగా అత్తయ్యకి ఇలా చేయి, అలా చేయి అని చెబుతుంటారు. మావారితో అంటే ‘అన్నయ్య ఇల్లు కూడా ఇది’ అంటారు. నేను తప్పుగా ఆలోచిస్తున్నానా?
— ఒక గృహిణి, గుంటూరు

జవాబు: లేదమ్మా. ఏడాదిని రెండు దేశాల మధ్య పంచుకునేవాళ్లం మేము. మా పంపకం నడవడానికి మూడో మనిషి ఎవరో ఒకరు ఏడాదంతా ఒకేచోట ఉండిపోవాలి. మా ఇంట్లో ఆ మనిషి మా తోటికోడలు. మొదటి రెండేళ్లు నేను ఆమె వంటింట్లో చుట్టంలా కూర్చుని కాఫీ తాగాను. మా అత్తగారి పక్కన కూర్చుని కబుర్లు చెప్పాను, ఆమె గుడ్డలు ఉతికింది మాత్రం మా తోటికోడలే. ఆవిడ ఒక్క మాట అనలేదు. ఒకరోజు పెరట్లో తీగ మీద బట్టలు ఆరేస్తూ, ‘అక్కయ్యా, మా అమ్మను చూసి మూడేళ్లయింది’ అంది, అంతే. వాళ్ల పుట్టిల్లు ఒంగోలు. రైలెక్కితే సాయంత్రానికి చేరే ఊరు. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

మర్నాడు కూర్చుని మాట్లాడుకున్నాం. పైన గదిలో గ్యాసు పొయ్యి పెట్టించుకున్నాను, పొద్దుటి టిఫిను, కాఫీ మావి మేమే చేసుకున్నాం. కరెంటు బిల్లు, పాలు, పనిమనిషి జీతం మేమున్న నెలల్లో మేమే కట్టాం. మా అత్తగారి స్నానం, మందులు, రాత్రి లేవడం మేమున్న నెలలన్నీ నా పని. మొదటి వారం చేతకాలేదు, ఆవిడ నా చేతి అన్నం తిననని ముఖం తిప్పుకుంది. తర్వాత అలవాటు పడింది. మా తోటికోడలు ఒంగోలులో ఇరవై రోజులుండి వచ్చింది.

ఇదంతా మీరు వాళ్లతో ఫిర్యాదులా చెప్పనక్కరలేదు. మీ అక్కయ్యకి ఈ వారమే ఫోన్ చేయండి, వాళ్లు టికెట్లు కొనేముందే. ‘అక్కయ్యా, మీరు వచ్చాక డిసెంబరులో నేను మూడు వారాలు మా అమ్మ దగ్గరకు వెళ్తాను, అత్తయ్య మీ చేతిలో ఉంటుంది’ అని చెప్పండి. అడగకండి, చెప్పండి. మీవారికి కూడా అదే మాట చెప్పండి: అన్నయ్య ఇల్లు అయినప్పుడు అమ్మ కూడా అన్నయ్యదే కదా. ఎలా చూసుకోవాలో వాళ్లకు నిజంగా తెలియదమ్మా, దూరం నుంచి ఫోనులో చూసినవాళ్లకు సలహాలు మాత్రమే తెలుస్తాయి. బీపీ మాత్ర పొద్దున టిఫిను తర్వాత, మజ్జిగ పదకొండుకి, రాత్రి ఎనిమిదికి మెత్తగా కలిపిన పెరుగన్నం, మూడింటికి ఒకసారి లేపి బాత్రూముకి తీసుకెళ్లాలి, ఇలా అన్నీ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించి, మీ బ్యాగు తీసుకుని బస్సెక్కండి.